తిట్టు వేరు, ఫిర్యాదు వేరు

 

నేను పాడేరు నుంచి వాట్సాప్‌లో తేనె, మిరియాలు అమ్ముతున్నాను. పోయిన చలికాలం ఒకాయన గడ్డకట్టిన తేనె ఫొటో పెట్టి, "చక్కెర పాకం పంపారు. అడవిలో ఉండే మీరూ మోసం నేర్చారా?" అని రాశాడు. నాకు చేతులు వణికాయి. ఘాటుగా జవాబు టైపు చేశాను గానీ పంపలేదు.

గంట ఆగి ఇలా రాశాను: "సార్, తేనెలోని గ్లూకోజ్ చలికి గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. కరగకపోతే డబ్బు వాపసు ఇస్తాను. మా వాళ్లను మాత్రం అనకండి."

ఆయన క్షమాపణ చెప్పలేదు. తేనె కరిగిందని మాత్రం రాశాడు. అప్పటినుంచి ప్రతి సీసాతోపాటు ఈ సంగతి రాసిన చీటీ పెడుతున్నాను.

సరుకు మీద ఫిర్యాదు వస్తే వినండి. తప్పు మనదైతే ఒప్పుకుని డబ్బు తిరిగివ్వండి. మనిషిని తిడితే ఒక్కసారి మర్యాదగా చెప్పండి. మళ్లీ తిడితే స్క్రీన్‌షాట్ దాచుకుని బ్లాక్ చేయండి. నలుగురూ చూసేచోట తెగ పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉందని మరవకండి.

ఒక బేరం పోతే ఇంకొకటి వస్తుంది. మనం అమ్మేది తేనె, మన గౌరవం కాదు.

జై ఆదివాసీ.