కువైట్ ఇంటిపని, మన ఆరోగ్యం, మన అప్పు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు, రికవరీ లెక్కలు ఇప్పటికే చదివి వినిపించారు. మేము మాట్లాడేది కువైట్ గురించి. మన మండలంలో కువైట్ పోయినోళ్లు లేని వీధి లేదు. అప్పు తీర్చడానికని పోతారు, పోవడానికి మళ్లీ అప్పు చేస్తారు. ఆ అప్పు మన సంఘం పుస్తకంలోకే వస్తోంది.

కువైట్ చిన్న దేశం. జనాభా 50 లక్షలకు అటూ ఇటూ. అందులో మూడింట రెండు వంతులు బయటినుంచి వచ్చినోళ్లే, మనదేశం వాళ్లే 10 లక్షల దాకా ఉంటారు. 1938లో అక్కడ ఆయిల్ పడింది. ఆ డబ్బుతో సొంత పౌరులకు చదువు, వైద్యం సర్కారే చూసుకుంటుంది. ఇల్లు ఊడ్చేది, పిల్లల్ని సాకేది, మంచాన పడ్డ ముసలోళ్లను కడిగేది మాత్రం మనలాంటి ఆడోళ్లు. ఒక దినార్‌కు మన డబ్బు 270 పైనే అని సంబరపడతాం గానీ, ఇంటిపనికి పెట్టిన కనీస జీతం నెలకు 60 దినార్లు, అంటే 16 వేలకు పైన. కంపెనీ పనోళ్లకైతే 75.

2010లో తెచ్చిన కార్మిక చట్టంలో ఇంటిపని వాళ్లను కలపనేలేదు. 2015లో వేరే చట్టం చేశారు. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో రోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాల. పాస్‌పోర్టు సేటు దగ్గర పెట్టుకోకూడదు. పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కగట్టి ఇవ్వాల. చట్టం బాగానే ఉంది. ఇంటి తలుపు తీసుకొని లోపలికొచ్చి గంటలు లెక్కపెట్టే ఆఫీసరు లేడు, అదే చిక్కు.

"వాషింగ్ మిషన్ ఉంది, ఏసీ ఉంది, ఏం కష్టం" అంటారు మగోళ్లు. రెండు మూడంతస్తుల ఇల్లు, రోజూ కడిగే పాలరాతి బండలు, రంజాన్ నెలలో తెల్లవార్లూ వంట. తిరిగొచ్చిన మా సభ్యులను అడిగితే నడుం నొప్పి, మోకాళ్లు, చేతులు పగలడం, నిద్ర లేకపోవడం గురించే చెప్పినారు. క్లోరక్స్, బాత్రూం యాసిడ్ కలిపి కడిగితే తొందరగా శుభ్రమవుతుందని కొందరు చేస్తారు. అలా చేయొద్దు తల్లీ, అందులోంచి విషగాలి వస్తుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇది ఇక్కడ మన ఇళ్లల్లోనూ గుర్తు పెట్టుకోండి.

దానికన్నా పెద్ద సంగతి ఖల్లివెల్లి. జీతం ఇవ్వకనో, కొట్టో, బయట ఎక్కువ వస్తుందనో ఇల్లు విడిచి వచ్చేస్తే సేటు కేసు పెడతాడు, ఆకామా పోతుంది, బతాకా చెల్లదు. బయట నాలుగిళ్లలో చేసుకుంటే డబ్బు కొంచెం ఎక్కువే వస్తుంది, లేదనము. కానీ జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోవాలంటే భయం, పోలీసులంటే భయం. షుగరు, బీపీ మాత్రలు ఎవరో ఊరినుంచి తెచ్చిస్తే మింగడం. రోగం ముదిరినాక ఇంటికి పంపిస్తారు, ఆ ఖర్చంతా ఇక్కడ కూతురి మీదో అత్త మీదో పడుతుంది. కువైట్ సర్కారు 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ఇచ్చింది. అది వచ్చేదాకా నెట్టుకొచ్చినోళ్లు ఎన్నేళ్లు మాత్రలు లేకుండా ఉన్నారో చూడండి.

2018లో ఫిలిప్పీన్స్ ఆడపడుచు శవం ఫ్రీజరులో దొరికినప్పుడు ఆ దేశం తమవాళ్లను పంపడమే ఆపేసింది. అదే ఏడు మే నెలలో ఒప్పందం చేసుకొని పాస్‌పోర్టు, ఫోను పనామె దగ్గరే ఉండేటట్టు రాయించుకుంది. మన దేశం 2021లో ఒప్పందం చేసుకుంది. మనమూ అడగాల్సిన రీతిలో అడిగితేనే అవి అమలయ్యేది.

అందుకని మా గ్రామ సంఘంలో తీర్మానం రాసుకున్నాము. కువైట్‌కని అప్పు అడిగితే, వద్దనము. మొదట వీసా చూస్తాము. విజిట్ వీసా అయితే అప్పు లేదు. పది పాస్ కాని ఆడోళ్లకు 30 ఏళ్లు నిండుండాల, ఓంక్యాప్ లాంటి సర్కారు సంస్థ ద్వారానే పోవాల. ఏజెంటుకు చట్టప్రకారం 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగితే వాడు దొంగే. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. అది కట్టిన కాగితం, పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఇక్కడి డాక్టరు చీటీ, అన్నిటి జిరాక్సులూ వీవోఏ దగ్గర ఫైల్లో ఉంటాయి. ఇల్లు విడవాల్సిన గతి పడితే ఖల్లివెల్లి కాకుండా ముందు మన ఎంబసీకే పోవాలని, అక్కడ ఆడోళ్లు తలదాచుకునే చోటుందని పోయేముందే చెప్పి పంపుతాము.

తీర్మానం నకలు ఓబీలందరికీ ఇస్తున్నాము. మార్చాల్సింది ఉంటే వచ్చే నెల మీటింగులో చెప్పండి.