ఆమెను ఆపినవాడు నేనేనా?

 



గత మాసం తోట్లవల్లూరులో జుమా నమాజు ముగిసిన పిదప ఒక వృద్ధుడు నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగారు. ఆనాడు నేను సరిగా సమాధానం చెప్పలేకపోయాను. ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్న గురించే.

1977 నవంబరు 18, శుక్రవారం. బక్రీదు కొద్ది రోజుల్లోకి వచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆయన చెల్లెలు పండుగ దాకా ఉండిపోతానన్నది. కొత్త కోడలు పండుగను అత్తవారింట చేసుకోవాలని నచ్చజెప్పి, నమాజు కాగానే ఈయనే ఆమెను దివిసీమ బస్సు ఎక్కించారు. మరునాడు ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 10 వేల మందిని బలిగొన్న ఆ ఉప్పెనలో ఆమె భౌతికకాయం కూడా దొరకలేదు. ‘ఆ రోజు బస్సు ఎక్కించకపోయి ఉంటే’ అన్న తలంపు ఆయనను నేటికీ విడువలేదు.

భౌతికశాస్త్రం చదువుతున్న మనుమడు ఆయనను ఓదార్చబోయి, “దాదా! మరో లోకంలో మీరు ఆమెను ఆపారు. అక్కడ ఆమె బ్రతికే ఉంది” అన్నాడట. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: “మౌల్వీ సాబ్, అక్కడ ఆమెను ఆపినవాడు నేనేనా?”

మనుమడు కల్పించి చెప్పిన మాట కాదది. పరమాణువులో ఎలక్ట్రాన్ వంటి సూక్ష్మకణం కొలవక ముందు ఒకేసారి అనేక స్థితుల కలయికగా ఉంటుందని క్వాంటం శాస్త్రపు సమీకరణం చెబుతుంది. కొలిచినప్పుడు మాత్రం ఒక్క ఫలితమే కనబడుతుంది. తక్కినవి ఏమయ్యాయి? 1957లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు హ్యూ ఎవరెట్, ఏదీ మాయం కాదు, అన్ని ఫలితాలూ జరుగుతాయి, కొలిచిన మనిషి కూడా వాటితో పాటు శాఖలుగా చీలిపోతాడు అన్నాడు. దీనినే బహులోక వాదమంటారు. దీనిని అంగీకరించే శాస్త్రవేత్తలున్నారు, కాదనేవారూ ఉన్నారు. పైగా మనిషి చేసే ప్రతి నిర్ణయానికీ లోకం చీలుతుందని అది చెప్పదు. చీలిక సూక్ష్మకణాల సంఘటనలది. మనుమడు ప్రేమకొద్దీ కొంత తొందరపడ్డాడు. అల్లాహ్‌ను సకల లోకాల ప్రభువంటున్నాము కనుక ఇది మన గ్రంథంలో ముందే ఉందని మురిసిపోవడం కూడా అటువంటి తొందరపాటే.

ఆ వాదమే నిజమనుకుందాం. మన కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. చీలిక వరకు నది ఒక్కటే, ఆ పిదప రెండూ కృష్ణే. కానీ ఈ పాయలో దిగినవాడు తడిసేది ఈ పాయ నీటిలోనే. చెల్లెలిని ఆపిన ఆ మరొకడికి ఈ పెద్దాయన బాల్యమంతా ఉండవచ్చు. కానీ ఆ శుక్రవారం తరువాతి జీవితం అతడికి లేదు. శవాల నడుమ చెల్లెలిని వెదికిన రోజులు లేవు. నలభై ఏళ్లకు పైగా ఆమె మన్నింపు కోసం రాత్రివేళ చేసిన దుఆలు లేవు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆపినవాడు ‘నేనే’ అయితే, చెల్లెలిని ద్వేషించి తరిమివేసిన మరొకడు కూడా ‘నేనే’ కావాలి. వాడి పాపానికి ఈయన జవాబుదారీ అవుతారా? ఒకరి భారాన్ని మరొకరు మోయరనీ, ప్రళయదినాన ప్రతి ఒక్కరూ ఒంటరిగానే అల్లాహ్ సన్నిధికి వస్తారనీ దివ్యఖుర్ఆన్ స్పష్టం చేసింది. ఆనాడు కర్మల చిట్టా చేతికి అందుకునేవాడే నేను. ఆ చిట్టాలో లేని పుణ్యమూ నాది కాదు, పాపమూ నాది కాదు.

మరి జరగని సంగతి ఎక్కడికి పోయింది? అది అల్లాహ్ జ్ఞానంలో ఉంది. నరకవాసులను తిరిగి ఇహలోకానికి పంపితే ఏమి చేస్తారో కూడా ఆయనకు తెలుసునని అన్ఆమ్ సూరా తెలుపుతుంది. జరగనిది జరిగితే ఎలా ఉండేదో ఎరిగినవాడు ఆయన ఒక్కడే. ఉహుద్ యుద్ధం తరువాత, మా మాట విని ఉంటే మా సోదరులు చనిపోయేవారు కారన్న వారిని ఖుర్ఆన్ మందలించింది. ఆపద వచ్చిపడ్డాక ‘ఇలా చేసి ఉంటే’ అనుకోవడం షైతానుకు తలుపు తెరవడమని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హదీసులోనే అంతకు ముందు, మేలు చేసే దాని కోసం పాటుపడమనీ, నిస్సహాయంగా కూర్చోవద్దనీ చెప్పారు. ఉప్పెన తరువాత దివిసీమలో తుఫాను రక్షణ భవనాలు కట్టడం ఆ పాటుపడటంలోనిదే. దానిని ఎవరూ తప్పుపట్టకూడదు.

ఈ మాటను ఆ వృద్ధునికి మందలింపుగా వినిపించడానికి నాకు మనసు రాలేదు. ఆయన విధిని నిందించలేదు, తన్ను తానే నిందించుకున్నారు. బస్సు ఎక్కించిన నాటి ఆయన సంకల్పం చెల్లెలి కాపురం బాగుండాలనే. కర్మలు సంకల్పాలను బట్టే లెక్కకు వస్తాయి. నీట మునిగి చనిపోయిన విశ్వాసిని ప్రవక్త (స) షహీదుల కోవలో చేర్చారు. ఆమె పేరిట ఆయన చేయగల సదఖా ఇక్కడే ఉంది, ఈ లోకంలోనే.

యా అల్లాహ్! 1977 ఉప్పెనలో కఫన్ కూడా నోచుకోని మా వారిని మన్నించు. ఆ చెల్లెలి ఆచూకీ నీకు తెలుసు. ఆ అన్న గుండె మీది బరువును దించు. ఆమీన్.