ఐర్లాండు రైతుల వంశములు: భూమిలెక్కల సాక్ష్యము



వంశచరిత్రము రాజులకేగాని సేద్యగాండ్రకు గలదా యని కొందఱడుగుదురు. ఐర్లాండు రైతుల వృత్తాంతమే దీనికి దగిన యుత్తరమని మేము తలంచుచున్నాము.

1922 జూన్ 30వ తేదీన, అంతర్యుద్ధమునందు, డబ్లిన్ నగరములోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారము దగ్ధమయ్యెను. 1821 మొదలు 1851 వఱకు వ్రాసిన జనాభాలెక్కలలో మిక్కిలి భాగము బూడిదయ్యెను. 1861 మొదలు 1891 వఱకుగల నాలుగు లెక్కలను అంతకుముందే ప్రభుత్వమువారే నాశనము చేసియుండిరి. దేశమంతటికిని సంపూర్ణముగా మిగిలినవానిలో మొదటిది 1901 నాటిది.

అయినను రైతుల పేరులు నశింపలేదు. పన్ను నిర్ణయించుటకై 1847కును 1864కును నడుమ రిచర్డ్ గ్రిఫిత్‌గారు జరపించి ప్రకటించిన మదింపులో, పల్లె పల్లెకును కౌలుదారు పేరు, భూస్వామి పేరు, భూమి విస్తీర్ణము, విలువ గలవు. సెంటు భూమియు సొంతముగాని కౌలుదారును పన్నుచిట్టాయే చిరంజీవిని చేసెను! తరువాతి సవరణపుస్తకములలో ఒక పేరు కొట్టివేసి వేఱొక పేరు వ్రాసినచోట తండ్రి మరణమో, కుటుంబము వలసయో యుండవచ్చును.

ఇక బంధువుల నెఱుంగుట యెట్లు? చర్చిపుస్తకములలో శిశువునకు జ్ఞానతల్లిదండ్రులుగా నిలిచినవారు తఱచుగా మేనమామలు, పినతల్లులు మొదలగువారే. అయితే ఒక్క పల్లెలోనే ఒకే పేరుగలవారు పలువురుందురు. కావున పేరొక్కటియే ప్రమాణము గాదు. పేరు, భూమి, సాక్షులు మూడును కలిసినపుడే నమ్మవలెను.

సోదరులారా! మన యిండ్లలోని పట్టాలను, కౌలుకాగితములను, శిస్తురసీదులను చెదలపాలు గానీయకుడు. పెద్దల పేరులను నేడే వ్రాయుడు; ప్రతిని వేఱొకచోట దాచుడు. సర్వమును ఒక్కచోటనే యుంచిన నేమగునో డబ్లిన్ నగరము చెప్పుచున్నది.