టెంక అంటు: ఊరి మామిడిని నగరానికి తెచ్చుకోవడం



నూజివీడు ప్రాంతంలోని మా పెరటి చిన్నరసం చెట్టు ఇప్పుడు లేదు. స్థలం చేతులు మారింది; కొత్త యజమాని ఇల్లు కట్టుకోవడానికి దానిని కొట్టించారు. అయినా ఆ చెట్టు చెన్నైలో మా డాబాపై రెండు కుండీలలో చిగురిస్తోంది. ఆ విధానమే ఈనాటి నా ప్రసంగ విషయం.

టెంక పాతితే చాలదా అని మీరడగవచ్చు. చాలదు. పూతకు ఏ చెట్టు పుప్పొడి అందిందో మనకు తెలియదు గనుక, టెంక నుండి మొలిచిన మొక్క తల్లిని పోలిన పండే ఇస్తుందన్న భరోసా లేదు. కొమ్మను అంటు కడితే వచ్చేది ఆ చెట్టే.

వేరుకోసం కోయంబేడులో కొన్న ఏ పండు టెంకైనా సరిపోతుంది. మామిడి టెంక మొలకశక్తిని త్వరగా కోల్పోతుంది. కనుక తిన్న కొద్దిరోజులలోనే తడి ఇసుకలో పాతాలి. మొలిచిన 8 నుండి 15 రోజులలో, ఆకులు ఇంకా రాగిరంగులో ఉండగానే, అంటు కట్టాలి.

ఊరి చెట్టుపై 3, 4 నెలల వయసు గల, మొలక కాండమంత లావున్న కొమ్మ చివరలను ఎంచుకోవాలి. వారం పదిరోజుల ముందే తొడిమలు ఉంచి ఆకులు కోయిస్తే మొగ్గలు ఉబ్బుతాయి. మాకు ఆ పని బాబాయిగారు చేసిపెట్టారు. సాయంత్రం కోసిన నాలుగు పుల్లలను తడిగుడ్డలో, ఆపై పాలిథిన్ సంచిలో చుట్టి, మరునాడు పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకున్నాను.

మొలకను టెంకకు 6 సెంటీమీటర్ల పైన శుభ్రమైన కత్తితో కోసి, కాండం నడుమ 3, 4 సెంటీమీటర్ల లోతున నిలువుగా చీల్చాలి. పుల్ల అడుగును అంతే పొడవున ఇరువైపులా చెక్కి చీలికలో దించాలి. కనీసం ఒకవైపైనా బెరడుకు బెరడు తగలాలి. పాలిథిన్ పట్టీతో బిగించి, పైన సన్నని పాలిథిన్ సంచి తొడిగి నీడలో ఉంచాలి. చిగురించిన పిమ్మట సంచి తీసివేయాలి. అంటుకు దిగువన వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచివేయాలి. లేకుంటే టెంక మొక్కే పెరిగి మన కొమ్మ ఎండిపోతుంది.

నేను కట్టిన నాలుగింటిలో రెండే బ్రతికాయి. తక్కినవి కుళ్లిపోయాయి, ఆతురతతో నీరు ఎక్కువ పోశాను. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యే లోపు కుండీల అడుగు రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకోండి.

మీ ఊరి చెట్టు ఇంకా నిలిచి ఉన్నట్లయితే, ఈ ఆషాఢంలోనే కబురు పంపండి. వచ్చే ఏడు అది ఉంటుందో లేదో మన చేతిలో లేదు.