వడదెబ్బ తగిలిన ఇంగ్లండు బండి
(సంఘం వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత ఈఎంఈ సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మనం యుద్ధాల గురించి, వీరుల గురించి చెప్పుకుంటాం. అది మన ధర్మం. ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు, "నేను తుపాకీ కంటే పానా ఎక్కువ పట్టినవాణ్ణి, నాకేం తెలుసండీ" అన్నాను. "ఆ పానా సంగతే చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. అందుకని ఇవాళ ఒక కారు గురించి చెబుతాను. నక్షత్రాల ప్లేటు బిగించి వస్తే మనమంతా దానికి సెల్యూట్ కొట్టాం. నాలాంటి వాళ్ళం దాని కింద పడుకుని గ్రీజు కూడా పూసుకున్నాం. అదే అంబాసిడర్.

దీని పుట్టిల్లు ఇంగ్లండు, మెట్టినిల్లు మన దేశం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి బ్రిటన్ అప్పుల్లో మునిగి ఉంది. కార్లు విదేశాలకు అమ్మి డబ్బు తెచ్చే కంపెనీలకే అక్కడి ప్రభుత్వం ఉక్కు ఎక్కువ కేటాయించేది. అలా బ్రిటిష్ కార్లు ఓడలెక్కి దేశదేశాలకూ పోయాయి. చాలాచోట్లకు విడిభాగాలుగా పెట్టెల్లో వెళ్ళేవి, అక్కడ బిగించుకునేవారు. మన దగ్గర 1942లో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి 1948లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాకు మారింది. మోరిస్ టెన్ ఇక్కడ హిందుస్థాన్ టెన్ అయింది. 1954లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ ల్యాండ్‌మాస్టర్ అయింది. 1957-58లో మూడో సిరీస్ అంబాసిడర్ అయింది. ఆ మూడో సిరీస్ తయారీని ఇంగ్లండులో 1959లోనే ఆపేశారు. మన దగ్గర మాత్రం అంబాసిడర్ 2014 మే దాకా తయారైంది. పుట్టింట్లో మూడేళ్ళు, మెట్టినింట్లో యాభై ఆరేళ్ళు!

ఇక నా కథ. 1970లలో, సర్వీసులో చేరిన కొత్త. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్ పూర్తి చేసుకుని, నాకంతా వచ్చేసిందనుకునే వయసు. మే నెలలో జలంధర్ నుంచి అంబాలాకు స్టాఫ్ కారులో కల్నల్ సాబ్‌తో వెళ్తున్నాం. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను ఉత్సాహంగా దిగి, బానెట్ ఎత్తి, ప్లగ్గులు తీసి చూశాను, పాయింట్లు గీకాను, కార్బురేటర్ విప్పబోయాను. సాబ్ వాచీ చూసుకుంటున్నారు. డ్రైవరు హవల్దారు మన ప్రకాశం జిల్లా ఆయన. మెల్లగా నా పక్కకు వచ్చి, "తమ్ముడూ, ఆ స్క్రూడ్రైవరు పక్కన పెట్టు. బండికి రోగం లేదు, వడదెబ్బ కొట్టింది" అన్నారు. సీటు కింద నుంచి గోనెగుడ్డ ముక్క తీసి, నీళ్ళలో తడిపి, పెట్రోలు పంపు మీద కప్పారు. ఇద్దరం చెట్టు కింద నిలబడ్డాం. పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు స్టార్టయింది.

జరిగిందేమిటంటే, ఇంజను పక్కనే ఉన్న పంపులో పెట్రోలు ఆ ఎండకు మరిగి ఆవిరైపోయింది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని సరిగా లాగలేదు. ఇంగ్లండు చలిని ఎరిగిన ఇంజనుకు మన రోహిణీ కార్తె ఏం తెలుసు? మా ట్రైనింగులో చెప్పే ఉంటారు, నా బుర్రకెక్కింది మాత్రం ఆ గోనెగుడ్డతోనే.

ఆ కారు ఇంతకాలం బతకడానికి కారణం అలాంటి చేతులే. వెనక కమాను పట్టీలు గతుకులకు తట్టుకున్నాయి. బ్యాటరీ చచ్చిపోతే ముందు నుంచి హ్యాండిల్ తిప్పి లేపేవాళ్ళం. ఏ ఊళ్ళో ఆగినా విప్పగలిగే మేస్త్రీ దొరికేవాడు. మన బెజవాడ ఆటోనగర్‌లో ఏ భాగాన్నయినా సుత్తి దెబ్బతో దారికి తెచ్చేవాళ్ళు. దాన్ని చూసి మేం గర్వపడ్డాం. పడవలసిందే.

కాని ఈ వయసులో ఇంకో మాట ఒప్పుకోవాలి. నేను 28 ఏళ్ళు సర్వీసు చేశాను. ఎన్ని వేసవుల్లో ఎన్ని పంపుల మీద తడిగుడ్డ వేశానో లెక్కలేదు. ఆ పంపును ఎక్కడికి జరిపితే, మధ్యలో ఏ రేకు అడ్డుపెడితే వేడెక్కకుండా ఉంటుందో ఒక్కసారైనా కాగితం మీద గీసి పైకి పంపానా? లేదు. డిఫెక్ట్ రిపోర్ట్ ఫారం నా టేబుల్ మీదే ఉండేది. బండి కదిలితే చాలు, నా పని అయిపోయిందనుకున్నాను.

దేశం మొత్తమ్మీద కూడా అదే జరిగింది. లైసెన్సుల కాలంలో కొనేవాడు వరుసలో నిలబడేవాడు, మార్చాలన్న తొందర ఎవరికీ లేదు. గ్రిల్లు మారింది, మార్కులు మారాయి, 1489 సీసీ ఇంజను మాత్రం దశాబ్దాలు నడిచింది. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. 1990లలో గాని అంబాసిడర్‌కు ఇసుజు ఇంజను రాలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది.

అందరూ అలాగే ఉండిపోయారని అనను. మద్రాసులో ట్రయంఫ్ హెరాల్డ్‌ను స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో చేశారు. ఇంగ్లండులో ఆ సెలూన్‌కు రెండే తలుపులు. ఇంటిల్లిపాదీ ఎక్కే మన దేశంలో అది కుదరదని 1960ల చివర్లో నాలుగు తలుపుల బాడీ తయారుచేశారు. 1972లో వచ్చిన గజెల్‌కు వెనక యాక్సిల్ కూడా మార్చారు. అది తడిగుడ్డ కాదు, డిజైను.

మన సైనికుల బుల్లెట్ సంగతీ చూడండి. 1955 నుంచి మద్రాసులో తయారవుతోంది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది. మన వాళ్ళూ చాలాకాలం పాత ఇంజనే లాగారు. కాని ఆ తర్వాత కూర్చుని కొత్తది తయారుచేసుకున్నారు, 2016లో హిమాలయన్ తెచ్చారు. ఇవాళ ఆ బండ్లు తిరిగి ఇంగ్లండుకే వెళ్తున్నాయి. అంబాసిడర్ మ్యూజియంకు వెళ్ళింది, బుల్లెట్ రోడ్డు మీద ఉంది.

విమానమైనా, ట్యాంకైనా, ట్రక్కైనా ఇదే లెక్క. బిగించడం మొదటి మెట్టు, బాగుచేయడం రెండోది. ఎందుకు చెడిందో తెలుసుకుని, చెడకుండా గీయగలిగినప్పుడే అది మనది. రెండో మెట్టు మీద మా తరం హాయిగా కూర్చుండిపోయింది.

ఇక్కడ ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు, రేపు యూనిట్లలో చేరబోయే వాళ్ళున్నారు. మీకు నా మనవి ఒక్కటే. ఆ హవల్దారు గారి లాంటి వాళ్ళు కనిపిస్తే వాళ్ళ మాట వినండి, ఆ గోనెగుడ్డను గౌరవించండి. బండి స్టార్టయ్యాక మాత్రం వెంటనే ఎక్కేయకండి. నేను రాయని ఆ కాగితం మీరు రాయండి.

సెలవు. జై హింద్!