రంగును విడిగా కొలిచావా?

పట్టాలు అందుకున్న మీకు, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకు అభినందనలు. ఎండ ముదరకముందే అసలు మాటకొస్తాను.

నేను ఈ ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడులో పెరిగాను. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. మా నాయన రంగు వేసేముందు నూలును గంటల తరబడి ఉడకబెట్టేవాడు. మైనం పోకపోతే రంగు పైపైనే నిలుస్తుందనేవాడు.

హైదరాబాదులో పరిశోధనకు చేరాక మరో రంగు చూశాను. బంగారు లవణం కలిపిన నీళ్లను మరిగించి సిట్రేటు పోస్తే, పసుపు నీళ్లు రంగు పోయి, నల్లబడి, దానిమ్మ గింజ ఎరుపుకు తిరుగుతాయి. అప్పుడు పుట్టే బంగారు నానో రేణువులు 520 నానోమీటర్ల దగ్గరి పచ్చ వెలుగును మింగేస్తాయి. వాటి పక్కన మెరిసే రంగు అణువు చేరిందా, కథే మారుతుంది. లోహాన్ని ఆనుకుంటే దాని మెరుపు ఆరిపోతుంది. కొన్ని నానోమీటర్ల ఎడమిస్తే ఇంకా ఎక్కువ మెరవగలదు. రెండింటి లయ గట్టిగా కలిస్తే, మింగిన వెలుగును చూపే గీతలో ఒక్క శిఖరం రెండుగా చీలుతుంది. నెమలికంఠం చీరలో పడుగునూ పేకనూ విడదీసి చూపగలం. ఇక్కడ అది కుదరదు. ఆ రెండు శిఖరాల్లో ఏదీ లోహానిది మాత్రమే కాదు, రంగుది మాత్రమే కాదు.

ఆ చీలిక కోసం బంగారు నానో కడ్డీలకు మిథిలీన్ బ్లూ రంగు కలిపాను. రెండు శిఖరాలు వచ్చాయి. రాత్రికి రాత్రే వ్యాసం రాసేశాను. మా గురువుగారు ఒక్కటే అడిగారు: "రంగును విడిగా కొలిచావా?" కొలవలేదు. రంగునొక్కదాన్నే ఒక సీసాలో పోసి కొలిచి చూస్తే 664 నానోమీటర్ల దగ్గరి శిఖరం, 610 దగ్గరి ఉబ్బు రెండూ మిథిలీన్ బ్లూవే. అణువులు జంటకడితే అలాగే కనిపిస్తుంది. ఎనిమిది నెలల పని ఆ ఒక్క సీసాతో పోయింది.

అందుకే నిన్న మీ ల్యాబు రికార్డులు తిరగేసి దిగులుపడ్డాను. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు! అందరి రీడింగులూ ఒకటే! ఏం నాయనా, ఏమ్మా, సీనియర్ పుస్తకం ముందేసుకుని రాస్తే మీ కళ్లు ఎప్పుడు పనిచేస్తాయి? తప్పు రీడింగును చెరపొద్దు. అడ్డంగా గీత కొట్టి తేదీ వేయండి. ఉత్త నీళ్ల సీసాను కొలవడానికి బద్ధకించొద్దు.

నా సంచిలో ఆ బంగారు రేణువుల నీళ్ల సీసాలు రెండున్నాయి. ఒకటి ఎరుపు. రెండోదీ పొద్దున ఎరుపే, చిటికెడు వంటింటి ఉప్పు వేసేసరికి రేణువులు గుంపుకట్టి నీలానికి తిరిగింది. భోజనానికి పోయేలోపు రండి, కిటికీ వెలుగుకు పట్టి చూద్దురు.