నగరానికి కరెంటు బస్సులు – మన పాలమూరుకు ఏమిటి?

(జడ్చర్లలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు కరువు భత్యం గురించి, వైద్య సదుపాయం గురించి సవివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. హైదరాబాదు నగరంలో డీజిల్ బస్సులను తీసివేసి, వాటి స్థానంలో కరెంటుతో నడిచే బస్సులు పెట్టడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "పట్నం సంగతి మనకెందుకయ్యా?" అని కొందరికి అనిపించవచ్చును. కాని ఒక్కమాట ఆలోచించండి. ఈ సభలో కూర్చున్న వారిలో సొంత కారు ఉన్నవారు ఎందరు? కళ్లకు మసకలు వచ్చి, మోకాళ్లు సహకరించక స్కూటరు పక్కన పెట్టినవారు ఎందరు? నిమ్స్‌కు పోవాలన్నా, కొడుకు ఇంటికి పోవాలన్నా, జిల్లా ట్రెజరీకి పోవాలన్నా మనకు దిక్కు బస్సే. కనుక బస్సు మారుతున్నదంటే ముందుగా తెలుసుకోవలసినది మనమే.

బస్సుకు ఇంధనం మారడం కొత్త సంగతి కాదు. మన ప్రాంతంలో సర్కారు బస్సులు 1932 జూన్ 15న మొదలయినవి. నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం అని ఒకటి పెట్టి, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించారు. ఆ తరువాత రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలుకు కటకట ఏర్పడినప్పుడు దేశంలో చాలాచోట్ల బొగ్గు బస్సులు నడిపారు. బస్సు వెనుక ఒక పెద్ద పీపా, అందులో కర్రబొగ్గు, క్లీనరు చక్రం తిప్పి రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజన్ నడిచేది. మన పెద్దలు ఆ ముచ్చట్లు చెబుతుంటే మనం విన్నవాళ్లమే. యుద్ధం ముగిసింది, బొగ్గు బస్సు పోయింది. డీజిల్ వచ్చింది. మన జడ్చర్ల మీదుగా పోయే రైలే చూడండి. బొగ్గు ఇంజన్ పోయి డీజిల్ ఇంజన్ వచ్చింది, ఇప్పుడు కరెంటు ఇంజన్ వచ్చింది. సికింద్రాబాదు – మహబూబ్‌నగర్ రెండవ లైనును, విద్యుదీకరణను 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. రైలుకు జరిగినదే ఇప్పుడు బస్సుకు జరుగుతున్నది.

ఎందుకు మార్చాలి అనేది మొదటి ప్రశ్న. డీజిల్ పొగ వట్టి మసి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఆ పొగలోని సన్నని కణాలు ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. ఆయాసం ఉన్న ముసలివారికి, చిన్నపిల్లలకు దానివల్ల ఎక్కువ బాధ. బస్టాండులో గంటసేపు నిలబడి ఆ పొగ పీల్చేది ఎవరు? కారు అద్దాలు ఎక్కించుకొని పోయేవారు కాదు, మనమే.

ఒక మహానగరం మొత్తం బస్సులను మార్చిన అనుభవం మన దేశంలోనే ఉన్నది. పెన్షనర్లమైన మనకు సుప్రీంకోర్టు అంటే 1982 డిసెంబరు 17 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకు వస్తుంది. ఢిల్లీ వాసులకు మరొక కేసు గుర్తుకు వస్తుంది. న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యంలో, 1998 జూలై 28న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీలోని సిటీ బస్సులన్నిటినీ 2001 మార్చి 31 నాటికి సి.ఎన్.జి., అంటే సహజవాయువుతో నడిచేటట్లు మార్చాలన్నది. గడువు దగ్గర పడేవరకు బస్సుల యజమానులు కదలలేదు, గ్యాసు బంకులు సరిపడా పెట్టలేదు. తీరా గడువు రాగానే బస్సులు కరువయ్యాయి. జనం రోడ్ల మీద నిలబడిపోయారు. గ్యాసు కోసం ఆటోలు, బస్సులు గంటల తరబడి వరుసలు కట్టాయి. కోర్టు గడువును కొంత సడలించి, 2002 ఏప్రిల్‌లో డీజిల్ బస్సులకు రోజువారీ జరిమానా వేసి, చివరకు అదే సంవత్సరం ఆఖరుకు పని పూర్తి చేయించింది.

మనం ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం. ఒక ఉద్యోగిని బదిలీ చేసినప్పుడు ఉత్తర్వులో ఏమని వ్రాసేవారు? "ప్రత్యామ్నాయ ఉద్యోగి వచ్చి చేరిన తరువాతనే రిలీవ్ చేయవలెను" అని. ఢిల్లీలో జరిగినదేమంటే, కొత్తవాడు చేరకముందే పాతవాడిని రిలీవ్ చేయవలసి వచ్చింది. సీటు ఖాళీగా ఉంటే పని ఆగినట్లే, అక్కడ బస్సు ఆగింది. వాహనాలు మార్చే ఏ నగరానికైనా ఇదే మొదటి పాఠమని నా అభిప్రాయం.

కొత్తవాడిని ముందుగా చేర్చుకున్న నగరం కూడా ఉన్నది. చైనాలోని షెంజెన్ నగరం 2017 ఆఖరు నాటికి తన 16,359 బస్సులన్నిటినీ కరెంటు బస్సులుగా మార్చింది. ప్రభుత్వం ధనసహాయం చేసింది, ఛార్జింగు ఏర్పాట్లు బస్సులతో పాటే పెంచుకుంటూ పోయింది. అక్కడి బస్సుల్లో ఎక్కువ భాగం బి.వై.డి. అనే స్థానిక కంపెనీ చేసినవి. ఈ పేరు ఎందుకు చెబుతున్నానంటే, అదే కంపెనీ సాంకేతిక సహకారంతో మన జడ్చర్ల దగ్గర ఫ్యాక్టరీలో కరెంటు బస్సులు తయారయ్యాయి. ఓలెక్ట్రా గ్రీన్‌టెక్ అనే కంపెనీ, పూర్వం దాని పేరు గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్. ఆ కంపెనీ బస్సులు 2017లో హిమాచల్ ప్రదేశ్‌లో మనాలీ నుండి రోహతాంగ్ కనుమకు ఎక్కాయి. 2022 సెప్టెంబరు నుండి తిరుమల ఘాటు రోడ్డు ఎక్కుతున్నాయి. మీలో స్వామివారి దర్శనానికి పోయి వాటిలో ప్రయాణం చేసినవారు ఉండే ఉంటారు.

హైదరాబాదు విషయానికి వస్తే, 2019 మార్చిలో 40 కరెంటు బస్సులు శంషాబాదు విమానాశ్రయం దారుల్లో మొదలయినవి. 2023 మే నెలలో విజయవాడకు, సెప్టెంబరులో నగరంలో గ్రీన్ మెట్రో లగ్జరీ పేరున ఎ.సి. బస్సులు, 2024 మార్చిలో సామాన్యులు ఎక్కే నాన్ ఎ.సి. మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాయి. 2025లో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం క్రింద హైదరాబాదుకు 2,000 కరెంటు బస్సులు కేటాయించింది. బెంగుళూరుకు సుమారు 4,500, ఢిల్లీకి 2,800 ఇచ్చారు. ఔటర్ రింగు రోడ్డు లోపల డీజిల్ బస్సులను తగ్గించి కరెంటు బస్సులు నడపాలన్నది మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన ఆలోచన. సొంత వాహనాల వారికి కూడా 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలపై రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయిస్తూ ఉత్తర్వులు ఇచ్చారు.

కేటాయింపు వేరు, బస్సు స్టాపుకు రావడం వేరు. గ్రాంటు మంజూరు వేరు, బిల్లు పాసు కావడం వేరని మనకంటే బాగా ఎవరికి తెలుసు? 2017లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. సర్కారు ఆఫీసుల కోసం 10,000 కరెంటు కార్లకు టెండరు పిలిచింది. మొదటి విడతకు అనుకున్నవి 500 మాత్రమే. ఒకసారి ఛార్జి చేస్తే పోయే దూరం చాలదని, ఛార్జింగు వసతి లేదని అధికారులు వెనుకాడారు. కారు ముందు కొని, ప్లగ్గు తరువాత వెదికితే ఇదే ఫలితం.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. "కరెంటు మాత్రం ఎక్కడిది? బొగ్గుదే గదా, పొగ ఇక్కడ ఆగి అక్కడ లేస్తుంది" అని కొందరంటారు. మాట నిజమే. మన రాష్ట్రంలో రామగుండం, కొత్తగూడెం బొగ్గు మీదనే నడుస్తున్నాయి. నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కూడా బొగ్గుదే. అయినా లాభం లేదనడానికి వీల్లేదు. డీజిల్ ఇంజన్‌లో మండిన ఇంధనంలో సగానికి పైగా వేడిగా వృథా పోతుంది, కరెంటు మోటారులో వృథా చాలా తక్కువ. పైగా వేలాది బస్సుల పొగ జనం ముక్కు దగ్గర లేవడం కంటే ఒక చిమ్నీ దగ్గర దానిని అదుపు చేయడం సులభం. జూరాల, శ్రీశైలం నీటి కరెంటు, మన ఎర్రటి ఎండల సౌరవిద్యుత్తు పెరిగిన కొద్దీ అదే బస్సు ఇంకా శుభ్రమవుతుంది. డీజిల్ బస్సుకు ఆ అవకాశం లేదు. కాని దామరచర్ల చుట్టుపక్కల పల్లెల వారి ఊపిరి కూడా ఊపిరే అన్న సంగతి పట్నం వారు మరువరాదు.

ఇక మన పాలమూరు లెక్కకు వద్దాం. బస్సులు తయారు కావడానికి జడ్చర్ల పనికి వచ్చింది. బ్యాటరీల సంగతి చూస్తే, మనకూ మహబూబ్‌నగర్‌కూ నడుమ దివిటిపల్లి దగ్గర అమరరాజా కంపెనీ వారి లిథియం బ్యాటరీ కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో రూ. 9,500 కోట్లు పెట్టుబడి అన్నారు. బస్సూ మనదే, బ్యాటరీ మనదే. మరి ఆ బస్సు ఎక్కే యోగం మనకు ఎప్పుడు? 2024 సెప్టెంబరులో కరీంనగర్‌లో కరెంటు బస్సులు మొదలయినవి, నల్లగొండ, సూర్యాపేట డిపోల పేర్లు కూడా జాబితాలోకి వచ్చినవి. వారికి వచ్చినందుకు సంతోషం. మన వంతు మనం అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.

అందుకని ఈ సభ ద్వారా ఒక మహజరు పంపవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. అందులో నాలుగు అంశాలు ఉండాలి.

మొదటిది, లెక్క. ఏ డిపోలో ఎన్ని డీజిల్ బస్సులు తీసివేశారు, వాటి బదులు ఎన్ని కరెంటు బస్సులు రోడ్డెక్కాయి అనేది నెలనెలా ప్రకటించాలి. 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చిన తరువాత బస్సుల్లో రద్దీ పెరిగింది. అది మంచి పథకమే, మా ఇంట్లో ఆడవాళ్లు కూడా పోతున్నారు. కాని రద్దీ పెరిగినప్పుడు ఒక్క బస్సు తగ్గినా నిలబడలేనివాడు నష్టపోతాడు.

రెండవది, పాత బస్సులు. నగరం నుండి తీసిన డీజిల్ బస్సులు ఎక్కడికి పోతాయి? జిల్లాలకే గదా! 2023 ఏప్రిల్ 1 నుండి పదిహేనేళ్లు దాటిన సర్కారు వాహనాలకు, రాష్ట్ర రవాణా సంస్థల వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించరాదని కేంద్రం నిబంధన పెట్టింది. పన్నెండు, పదమూడేళ్లు నడిచినవాటిని మిగిలిన రెండేళ్లకు మన పల్లెవెలుగుకు పంపితే, పట్నం పొగను పాలమూరుకు బదిలీ చేసినట్లే అవుతుంది. మంచి స్థితిలో ఉన్న బస్సు వస్తే కళ్లకద్దుకుంటాం. కండెమ్ చేయవలసినది వస్తే మాత్రం వద్దంటాం.

మూడవది, మన దారి. జడ్చర్ల నుండి మహబూబ్‌నగర్‌కు పదిహేను, పదహారు కిలోమీటర్లు. నగరానికి తెచ్చిన బస్సులు ఒకసారి ఛార్జి చేస్తే 225 కిలోమీటర్లు నడుస్తాయని ప్రకటించారు. అంటే రోజంతా ఇటూ అటూ తిరిగి రాత్రి డిపోలో ఛార్జి చేసుకోవడానికి ఇంతకంటే అనువైన దారి ఉండదు. ఆ బస్సులు మెట్టు తక్కువ ఎత్తు ఉన్నవి అయితే మోకాళ్ల నొప్పుల వారికి పుణ్యం కట్టుకున్నట్లే.

నాలుగవది, పని. ఈ కరెంటు బస్సుల్లో అధిక భాగం అద్దె ఒప్పందం మీద వస్తున్నవి. బస్సు, డ్రైవరు కంపెనీవి, టిక్కెట్టు, రూటు ఆర్టీసీవి, కిలోమీటరుకు ఇంత అని చెల్లింపు. సంస్థకు ఒకేసారి పెట్టుబడి భారం పడదన్న మాట నిజమే. కాని ఇంజనూ గేరుబాక్సూ లేని బస్సుకు పాత మెకానిక్కు ఏం చేయాలి? ఈ సభలో ఆర్టీసీ నుండి రిటైరైన సోదరులు కూడా ఉన్నారు. ఇ.పి.ఎస్. 95 క్రింద వచ్చే కొద్దిపాటి పెన్షన్‌తో వారు ఎట్లా నెట్టుకొస్తున్నారో మనకు తెలుసు. వారి పిల్లలకు, ఇప్పుడు డిపోల్లో పనిచేస్తున్న వారికి కొత్త బస్సుల మరమ్మతు నేర్పించాలి. మన ఐ.టి.ఐ. చదివిన పిల్లలకు ఈ ఫ్యాక్టరీల్లో, ఈ డిపోల్లో ముందు అవకాశం ఇవ్వాలి.

పెద్దలారా, నేను కరెంటు బస్సుకు వ్యతిరేకిని కాను. మనుమలు, మనుమరాండ్రు పొగ లేని గాలి పీల్చాలని ఎవరికి ఉండదు? అయితే మంచి పని కూడా లెక్క తప్పితే బీదవాడి మీదనే పడుతుంది. బస్సు దేనితో నడుస్తున్నదనేది ఒక ప్రశ్న. వేళకు వస్తున్నదా, మనం ఎక్కగలుగుతున్నామా అనేది రెండవ ప్రశ్న. రెండింటికీ జవాబు ఒకే కాగితం మీద అడుగుదాం. అర్జీ పెట్టడం, దానికి రిమైండరు వ్రాయడం, రెండవ రిమైండరు వ్రాయడం మనకు వచ్చిన విద్యే గదా, దానిని ఈ పనికి వినియోగిద్దాం.